స్తంభం లేని కోనసీమ: తయారు చేయు విధానం

కావలసినవి ఎక్కువేం లేవు. కోనసీమ కాలవ గట్టు మీద తీసిన ఫోటో ఒకటి, ఫోనులో చెరిపే యాప్ ఒకటి, పనిలేని వేలు ఒకటి. కరెంటు తీగలతో మొదలుపెట్టండి. తీగ సన్నం, వెనక ఆకాశం ఒకటే రంగు, ఒక్క గీత గీస్తే మాయం. తర్వాత సెల్ టవర్. ఫోటో పదిమందికీ పంపడానికి దాని సిగ్నలే దిక్కు కదా అని జంకకండి, ఫోటోలోంచి తీసేస్తే సిగ్నలేం పోదు. ఇక కరెంటు స్తంభం. దాన్ని లాగిపట్టి ఉంచే స్టే వైరును కూడా తీయాలి, లేకపోతే ఏ ఆధారమూ లేకుండా గాల్లోంచి నేలలోకి ఒక తీగ దిగి ఉంటుంది. కొత్తవాళ్లు అసలు దొరికిపోయేది నీళ్ల దగ్గర. గట్టు మీద స్తంభం ఉండదు, కాలవలో మాత్రం తలకిందులుగా నిలబడి వణుకుతూ ఉంటుంది. నీడ సంగతీ అంతే. మనిషిని తీసేసిన వాళ్లు చాలామంది అతని నీడను గడ్డి మీదే మరిచిపోతుంటారు.

ఇక్కడో చిన్న మాట. దీన్ని చెరపడం అంటున్నాం గానీ, ఈ యాప్‌లు చెరిపేది ఏమీ లేదు. స్తంభం ఉన్నచోట చిల్లు పెట్టి వదిలేస్తే ఫోటో ఎవరికి పనికొస్తుంది? అందుకని పక్కనున్న ముక్కలు తెచ్చి అతుకు వేస్తాయి. చుట్టుపక్కల పోలిన ముక్కల్ని చకచకా వెతికిపెట్టే ప్యాచ్‌మ్యాచ్ అనే పద్ధతి 2009లో వచ్చింది. మరుసటి ఏడే ఫోటోషాప్ సీఎస్5 ఇలా ఖాళీని తనంతట తానే పూడ్చే సదుపాయం ఇచ్చింది. 2021లో పిక్సెల్ 6 ఫోనుతో ఆ విద్య జేబులోకి దిగింది. 2023 నుంచి ఫోటోషాప్‌కు పక్క ముక్కలు తెచ్చే శ్రమ కూడా తప్పింది, అక్కడ ఏముంటే బాగుంటుందో అదే ఊహించి గీసేస్తోంది. కాబట్టి ‘స్తంభం తీశాను’ అనేది సగం మాటే. ‘అక్కడ లేని రెండు కొబ్బరాకులు వేశాను’ అంటే పూర్తి మాట. ఒకే మట్ట, ఒకే చిరుగుతో, పక్కపక్కనే రెండుసార్లు కనిపిస్తే ఎవరైనా పట్టేస్తారు, కాస్త తిప్పి వేసుకోండి.

కాలవ గట్టు ఫోటోల వరకు ఈ విద్యకు పెద్దబాలశిక్ష సోవియట్ దేశంలో తయారైంది. మాస్కో-వోల్గా కాలవ పక్కన స్టాలిన్‌తో కలిసి నడుస్తున్న రహస్య పోలీసు అధిపతి యెజోవ్, 1940లో మరణశిక్ష పడ్డాక ఆ ఫోటోలో లేకుండా పోయాడు. అతని చోట కాలవ నీళ్లే వచ్చాయి. చక్కటి నీళ్లు, చిన్న అలలతో సహా. ఆ అలలు ఏ కాలవలోనూ లేచినవి కావు.

అది రాజకీయం, మాది ప్రకృతి సౌందర్యం అంటారా? మీకు అండగా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ అంతటివాడే ఉన్నాడు. 1944లో కాలిఫోర్నియాలోని లోన్ పైన్ దగ్గర సియెరా నెవాడా సూర్యోదయాన్ని తీసినప్పుడు, ఆ ఊరి బడిపిల్లలు కొండవాలు మీద రాళ్లకు సున్నం కొట్టి రాసిన పెద్ద ‘ఎల్ పీ’ అక్షరాలు నెగెటివ్‌లో పడ్డాయి. ఆయన వాటిని తీసేశాడు. తీసేసిన సంగతి ఆయనే తన పుస్తకంలో రాసుకున్నాడు కూడా. ఆయన్ని ఆదర్శంగా తీసుకునేవాళ్లు ఈ రెండో భాగం వదిలేయడం మంచిది, లైకులు తగ్గుతాయి.

ఇంకో అభ్యంతరం గట్టిదే. రెండడుగులు పక్కకి జరిగి స్తంభం పడకుండా తీస్తే తప్పు లేనప్పుడు, తీశాక చెరిపితే తప్పెలా అవుతుంది? 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక తన నిలువు అట్టకు సరిపోయేలా గిజా పిరమిడ్లను దగ్గరికి జరిపి, ఫోటోగ్రాఫర్ కాస్త పక్కన నిలబడి తీసినట్టే కదా అని సమర్థించుకుంది కూడా. రెండూ ఒకటి కావు. రెండడుగులు జరిగి తీసిన చోట రేపు ఇంకొకరు నిలబడి సరిచూసుకోవచ్చు. చెరిపిన ఫోటో తీయడానికి నిలబడే చోటు భూమ్మీద ఎక్కడా లేదు. సెలవులకు బండి కట్టుకుని అక్కడికి వెళ్లినవాళ్లకు కనిపించేది స్తంభమే, పాపం వాళ్లే ఏదో తప్పు ఊరికి వచ్చామనుకుంటారు.

ఇంత చెప్పినా వినకుండా, మనిషి పెట్టిందేదీ ఫోటోలో ఉండకూడదన్న పట్టుదల ఉంటే సగంలో ఆపకండి. ఆ కాలవే ముందు పోవాలి. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాకే గోదావరి నీళ్లు డెల్టాలో ఈ కాలవల దారి పట్టాయి. కాలవ పోతే ఆ నీటితో పండే వరిచేలు పోవాలి. గట్టు మనిషి పోసిందే. వరసగా నిలబడ్డ కొబ్బరి చెట్లు ఎవరో గుంత తీసి, మొక్క పెట్టి, నీళ్లు పోసినవి, వాటినీ ఒక్కొక్కటే వేలితో గీకేయండి. చివరికి మిగిలేది ఆకాశం. అది మరీ వెలిసిపోయినట్టు అనిపిస్తే దానికీ యాప్‌లో ఒక బటన్ ఉంది, రకరకాల సూర్యాస్తమయాలు దొరుకుతాయి.