మా ఇంటి మత్తడి

ఎల్లారెడ్డిలో ఉండే మా బామ్మర్ది లెక్కలో నీళ్లు రెండే రకాలు. మత్తడి, అంటే చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే గట్టు, దుంకేవి, దుంకనివి. దుంకని నీళ్లలో చేపలు ఉంటాయి, దుంకే నీళ్లతో చేపలు పోతాయి. మత్స్యకారుల సంఘంలో సభ్యుడు కాబట్టి ఈ విషయంలో అతనికి అనుమానాలేమీ లేవు. కామారెడ్డిలో మేము హాల్లో నాలుగడుగుల అక్వేరియం పెట్టించామని తెలిసి చూడ్డానికొచ్చాడు. అంతకుముందు వచ్చినవాళ్లందరూ నియాన్ టెట్రాల మెరుపు చూసి అబ్బో అని, టీ తాగి వెళ్లారు. ఇతను మాత్రం తిన్నగా తొట్టి మూలనున్న నల్ల పెట్టె దగ్గరికి పోయి, లోపలికి తొంగి చూసి, "బావా, గిది మత్తడే గదా! మరి జాలేది?" అన్నాడు.

జాలి లేదు. అమ్మినవాళ్లు ఆ పెట్టె పైఅంచుకు సన్నటి చీలికలు పెట్టి, చేపలు దాటవని మాకు భరోసా ఇచ్చారు. ఆ సంగతి చేపలకు చెప్పినట్టు లేదు.

ఏర్పాటు నిజానికి తెలివైనదే. తొట్టిలో నీళ్లు మట్టం దాటగానే ఆ చీలికల్లోంచి పెట్టెలోకి పొర్లి, పైపు గుండా కింద బల్ల అరలో దాచిన మరో తొట్టికి చేరతాయి. దాన్ని సంప్ అంటారు. అక్కడ స్పాంజి చెత్తను పట్టుకుంటుంది. పింగాణీ ముక్కల మీద కాపురముండే బాక్టీరియా, చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత దానికంటే చాలా తక్కువ హాని చేసే నైట్రేట్‌గా మారుస్తుంది. శుభ్రపడ్డ నీటిని మోటారు మళ్లీ పైకి తోస్తుంది. ఇంత రసాయన శాస్త్రం నడుస్తున్న చోట చేపలకు అర్థమైంది మాత్రం ఒక్కటే, ఇక్కడొక దారి ఉంది.

మొదట పోయింది కూలీ లోచ్. సన్నగా పొడుగ్గా పాము పిల్లలా ఉంటుంది, పగలంతా ఇసుకలో దాక్కుని రాత్రి తిరుగుతుంది. చీలిక ఉన్నచోటికి అది పోకుండా ఉండాలంటే అది కూలీ లోచ్ కాకుండా ఉండాలి. తర్వాత గప్పీలు. ఇవి నీటి పైపొరలోనే తిరుగుతాయి, పెట్టెలోకి పోయేదీ ఆ పైపొర నీళ్లే. మధ్యలో ఈదే టెట్రాలు కొంత నయం, అవి మేత కోసం పైకొచ్చినప్పుడు మాత్రమే కొట్టుకుపోయేవి.

పోయినవి చచ్చిపోయి ఉంటాయని మేము దిగులుపడ్డాం. తీరా స్పాంజి మార్చడానికి అర తెరిస్తే, కింద అందరూ క్షేమం. క్షేమమే కాదు, బలిశారు కూడా. పైన వేసిన మేతలో మిగిలిందంతా నీటితోపాటు కిందికే పోతుంది. అక్కడ చీకటి, వెంటాడేవాళ్లు లేరు, అద్దం మీద వేళ్లతో టకటకమని కొట్టే చుట్టాల పిల్లలు లేరు. గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. కన్న పిల్లల్ని పైన తొట్టిలో తానే తింటుంది కూడా. కింద తినేవాళ్లు ఎక్కువమంది లేరు గనుక సంసారాలు పెరిగాయి. వేలకు వేలు పోసి, దీపాలు పెట్టి, మొక్కలు నాటి కట్టిన పై తొట్టి వెలవెలబోతుంటే, చెత్త పడే కింది తొట్టి కళకళలాడింది. మా ఆవిడ కుర్చీ తెచ్చుకుని కింది అర ముందే కూర్చోవడం మొదలుపెట్టింది.

ఈ సంతోషంలో ఆమె వాళ్లమ్మకు ఫోన్ చేసి, "అమ్మా, చేపలన్నీ సంపుల పడి మంచిగ బతుకుతున్నయ్" అని చెప్పింది. మా అత్తగారికి తెలిసిన సంపు ఒక్కటే, మిషన్ భగీరథ నీళ్లు పట్టి తాగే వాకిట్లోది. కూతురూ అల్లుడూ చేపలు ఈదే నీళ్లు తాగుతున్నారన్న వార్త ఎల్లారెడ్డిలో ఏయే వాడలకు పోవాలో ఆయా వాడలకు పోయింది. ఆ తర్వాత కామారెడ్డి వచ్చినప్పుడల్లా ఆమె సీసాలో నీళ్లు తెచ్చుకుంటున్నారు. అక్వేరియం అర తెరిచి చూపించినా నమ్మకం కుదరలేదు. "తెచ్చుకుంటే తప్పేముంది అల్లుడా" అంటారు.

అసలు పాఠం పోచారంలో జరిగింది. నిజాం కాలంలో ఆలేరు వాగు మీద కట్టిన ప్రాజెక్టు అది, 1922లో పూర్తయింది. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల పొలాలకు నీళ్లిస్తుంది. నిండితే పొడవాటి మత్తడి మీదుగా తెల్లగా దుంకుతుంది. అటు మెదక్ నుంచీ ఇటు కామారెడ్డి నుంచీ జనం మక్కకంకులు తింటూ ఆ నీళ్లను చూస్తుంటారు. మా బామ్మర్ది నీళ్లను చూడడు, మత్తడి పొడవు చూస్తాడు. "బావా, వచ్చే నీళ్లు అన్నే. మత్తడి పొడుగుంటే పల్సగ పోతయ్, చేప ఆగుతది. పొట్టిగుంటే దబ్బున గుంజుతయ్. నీ పెట్టె జానెడున్నది. గప్పీ ఏం జేస్తది, పాపం?"

ఇంజినీరింగ్ పుస్తకం ఇదే మాటను ఇంకొంచెం విసుగ్గా చెబుతుంది. పారే నీరు అంతే ఉండి, మత్తడి పొడవు రెట్టింపైతే, అంచు మీద నీటి మందం మూడో వంతుకు పైగా తగ్గుతుంది. మందం తగ్గితే వేగం తగ్గుతుంది, లాగే బలం తగ్గుతుంది. చేప తన సొంత బలంతో వెనక్కి తిరగగలుగుతుంది. అంటే మేము చూడాల్సింది చీలిక ఎంత సన్నంగా ఉందని కాదు, వరస ఎంత పొడుగుందని. అక్వేరియం అమ్మేవాళ్లను పోచారం కట్ట మీద ఒక పూట నిలబెడితే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

జాలి కడితే సరిపోదా అని మీరడగవచ్చు. చెరువుల దగ్గర కడతారు కూడా. తెలంగాణలో 2016లో చెరువుల్లో ఉచితంగా చేపపిల్లల్ని వదిలే పథకం మొదలైంది. ఎండాకాలం ఎండిపోయే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్లుండే జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్లవి. బొచ్చె, రవ్వ లాంటివి. వదిలేది వానాకాలంలో, చెరువు నిండాక. నిండిన చెరువు మత్తడి దుంకేదీ అప్పుడే. చిటికెన వేలంత పిల్ల ఆగాలంటే జాలి కన్ను సన్నగా ఉండాలి. కన్ను సన్నగా ఉంటే కొట్టుకొచ్చే ఆకులు, తుంగ, పాలిథిన్ కవర్లు గంటలో దాన్ని గోడలా మూసేస్తాయి. నీళ్లు వెనక్కి తన్ని కట్ట మీదికి ఎక్కుతాయి. అప్పుడు సంఘంవాళ్లు అర్ధరాత్రి టార్చి లైట్లు పట్టుకుని పోయి జాలి ఎత్తేయాలి. ఎత్తితే చేపలు పోతాయి, ఎత్తకపోతే కట్ట పోతుంది. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లా మీద పడ్డ వానకు పోచారం మీదికి వచ్చిన వరదలో చేపల ఊసు ఎత్తినవాళ్లే లేరు. కట్ట నిలబడింది, అదే చాలనుకున్నారు.

మా హాల్లోనూ ఇదే ధర్మసంకటం, కాకపోతే కట్ట స్థానంలో సోఫా. మా అబ్బాయి కిటికీకి కొట్టగా మిగిలిన దోమతెర ముక్కను పెట్టెకు చుట్టాడు. చేపలు ఆగాయి. మొక్కల నుంచి రాలిన ఆకులు, నానిన మేత, చేపల పెంట కూడా ఆగాయి. దాంతో నీళ్లూ ఆగాయి. మోటారు మాత్రం ఆగలేదు. తెల్లారేసరికి షాబాదు బండల మీద పల్చటి జలాశయం, అందులో తేలుతూ ఆ రోజు పేపరు. ఇనుప సామాన్ల దుకాణంలో దొరికే తీగ జాలి తెస్తానన్నాడు. అది కుదరదు. దాని మీద జింకు పూత ఉంటుంది, నీళ్లలోకి దిగితే చేపలకు విషం. ఇత్తడిలో రాగి ఉంటుంది, చేపలకూ రొయ్యలకూ అది ఇంకా చేటు. ప్లాస్టిక్ జాలి ఒక్కటే గతి. దాన్ని కూడా చీలికలకు అతికించకూడదు. నీటి గుంజుడంతా ఉన్నది అక్కడే. నాలుగు వేళ్ల ఎడంగా, వెడల్పుగా, దడి కట్టినట్టు నిలబెట్టాలి. జాలి వైశాల్యం పెరిగేకొద్దీ ఒక్కో కన్నులోంచి పోయే నీటి వేగం తగ్గుతుంది, చెత్త ఆలస్యంగా పట్టుకుంటుంది.

ఇదంతా కరెంటు ఉన్నప్పటి మాట. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, పైకి తోసే పైపు తిరగబడుతుంది. దాని మూతి నీళ్లలో మునిగి ఉంటే, అదే పైపు పై తొట్టి నీళ్లను కిందికి లాగడం మొదలుపెడుతుంది, మూతి బయటపడేదాకా ఆగదు. దగ్గర్లో తిరిగే చిన్న చేప కూడా ఆ నీళ్లతోపాటే ప్రయాణం చేయవచ్చు. కింది తొట్టిలో అంత నీటికి చోటు లేకపోతే మళ్లీ హాలే దిక్కు. మందు సులువు. నీటి మట్టానికి కాస్త కింద ఆ పైపుకు చిన్న రంధ్రం వేస్తే, మట్టం దిగగానే గాలి దూరి లాగుడు తెగిపోతుంది. ఆ రంధ్రాన్ని నాచు మూయకుండా చూసుకోవాలి. సంప్‌ను ఎప్పుడూ నిండుగా ఉంచకూడదు. జాలి లేని రెండో పైపు ఒకటి కొంచెం ఎత్తులో విడిగా ఉండాలి. మొదటిది మూసుకుపోయిన రోజు నీళ్లకు అదే దారి. బామ్మర్ది దానికి ఆపద మత్తడి అని పేరు పెట్టాడు. ఇప్పుడు పెట్టె తొట్టి వెడల్పంతా ఉంది. మళ్లీ పైకి వేసిన కూలీ లోచ్ పైనే ఉంది. మా ఆవిడ కుర్చీ మాత్రం కింది అర దగ్గరే ఉంది, అక్కడి కాపురాలను పైకి తేవడానికి ఆమె ఒప్పుకోలేదు.

తొట్టి బాగుపడ్డ సంతోషంలో బామ్మర్ది బకెట్లో ఒక కొర్రమీను పిల్లను తెచ్చాడు. రాష్ట్ర చేప, కాదనడానికి లేదు. అది గాలి పీలుస్తుంది, ఎగురుతుంది, తడి నేల మీద కొంత దూరం పాకుతుంది, ముందు పడ్డ గప్పీలను మింగుతుంది. "దీనికి జాలి అక్కెర లేదు బావా, మూత కావాలె" అన్నాడు. మా అత్తగారు అది ఎగరడానికి ముందే దాన్ని పులుసుకు మళ్లించారు.

లింగంపేట నాగన్న బావి చూసినప్పుడు నాకు అసూయ కలిగింది. బావికి మత్తడి లేదు. చేపలు పెంచదలచినవాళ్లు బావి తవ్వుకోవడం ఉత్తమం, హాల్లో కుదిరితే.

ఇక అసలు భయం లోపలి మత్తడిది కాదు, బయటిది. మా పక్కింటాయన తొట్టిలో అద్దం నాకి శుభ్రం చేస్తుందని కొన్న సక్కర్ చేప అడుగు పొడుగు పెరిగింది. దాన్ని పోచారంలో వదిలి పుణ్యం కట్టుకుంటానన్నారు. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియంల కోసం వచ్చిన చేప అది. మన రెండు తెలుగు రాష్ట్రాల జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటారు. ఒంటి మీద గట్టి పలకలు, రెక్కలకు ముళ్లు, పడితే వలలు చిరుగుతాయి. తినడానికి పెద్దగా పనికిరాదు, అమ్మితే కొనేవాళ్లు లేరు. గట్లకు బొరియలు చేస్తుంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు దాని జాడ తెలుసుకోవడానికి నీళ్లలో దాని డీఎన్ఏ ఆనవాళ్లు వెతికే పద్ధతే తయారు చేయాల్సి వచ్చింది. పోచారం మత్తడి దుంకితే ఆ నీళ్లు మంజీరలోకి, అక్కడి నుంచి నిజాంసాగర్‌కు, ఆ కిందికి పోయి కందకుర్తి దగ్గర గోదావరిలోకి చేరతాయి. మా బామ్మర్ది వెళ్లి పక్కింటాయనకు చేతులు జోడించాడు. ఆయన విన్నారు.

మీ ఇంట్లోనూ అలాంటి చేప ఉంటే, తొట్టి చాలకపోతే, కొన్న దుకాణానికి తిరిగివ్వండి. లేదా పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు ఇవ్వండి. దయచేసి చెరువులో మాత్రం వదలకండి.