మంకీ క్యాపుతో ఎడారికి

వేసవి వచ్చిందంటే వాతావరణ వార్తల్లో పల్నాడులోని రెంటచింతల పేరు వినపడి తీరుతుంది. చలికాలం ఆ వంతు ఆదిలాబాదుది. హైదరాబాదులో ఒకే ఆఫీసులో పనిచేసే ఇద్దరు మిత్రుల్లో ఒకడిది ఆ ఊరు, ఇంకొకడిది ఈ ఊరు. ఇద్దరూ కలిసి జనవరిలో రాజస్థాన్ ఎడారి చూసొద్దామనుకుంటే, సామాను సర్దే దగ్గరే పంచాయితీ మొదలైంది.

రెంటచింతలాయన సంచిలో కాటన్ చొక్కాలు, నల్ల కళ్లద్దాలు, తలకు చుట్టుకునే తువ్వాలు, బోలెడన్ని జేబురుమాళ్లు. ఆదిలాబాదాయన సంచిలో స్వెట్టరు, ఉన్ని సాక్సులు, మంకీ క్యాపు. చంకలో రగ్గు.

"ఎడారికి రగ్గేందిరా? మా ఊళ్లో మే నెలలో ఒక్క మధ్యాహ్నం నిలబడి చూడు, ఎడారి నీకు ఊటీ అనిపిస్తుంది."

"ఎండ నీకెరుక, చలి నాకెరుక. రాత్రి రగ్గు మాత్రం అడగకు."

జోధ్‌పూర్‌లో మిర్చీబడా తిని అద్దె కారెక్కారు. మన మిరపకాయ బజ్జీకి అన్నగారది. కడుపు నిండా ఆలుగడ్డ కూర. జైసల్మేర్ దాదాపు 280 కిలోమీటర్లు. సినిమా ఎడారిలో నరమానవుడు కనపడడు కాబట్టి రోడ్డంతా మనదేనని రెంటచింతలాయన ధీమా. తీరా చూస్తే గొర్రెలు, మేకలు, ఆవులు, వాటి వెనక రంగురంగుల తలపాగాలు. ప్రపంచంలో జనం ఒత్తుగా బతికే ఎడారుల్లో థార్ ఒకటి. హారన్ కొడితే గొర్రె తప్పుకుంది. ఒంటె తప్పుకోలేదు, తల తిప్పి, చలానా రాయబోయే పోలీసులా కారుని తేరిపార చూసింది.

పోఖ్రాన్‌లో టీకి ఆగారు. 1974 మే 18న, మళ్లీ 1998 మేలో అణుపరీక్షలు జరిగింది ఈ ప్రాంతంలోనే. "ఎక్కడ పేల్చారు?" అని రెంటచింతలాయన వచ్చీరాని హిందీలో అడిగాడు. టీకొట్టు ఆసామి అటెటో చెయ్యి ఊపి, "చక్కెర తక్కువా, మామూలా?" అన్నాడు.

దాబాలో సజ్జ రొట్టెతోపాటు కేర్ సాంగ్రీ కూర వచ్చింది. సాంగ్రీ అంటే ఖేజ్‌డీ చెట్టు కాయలని, ఆ చెట్టు మన జమ్మేనని తెలిసి ఆదిలాబాదాయన ముద్ద పట్టుకుని ఆగిపోయాడు. జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం కూడా. "దసరాకు జమ్మాకు బంగారమని చేతిలో పెట్టుకుంటం. వీళ్లు కాయల్ని పోపేసుకుంటున్నరు!" అని కాసేపు బాధపడి, ఇంకో గిన్నె అడిగాడు.

జైసల్మేర్‌కు పడమట 40 కిలోమీటర్ల దూరంలో సమ్ ఇసుక తిన్నెలు. అక్కడ ఒంటె కంటే ముందు జీపు, జీపు కంటే ముందు డీజే పలకరిస్తాయి. నిర్జన ఎడారిలో ఒంటరిగా నిలబడ్డట్టు ఫొటో కావాలంటే జనం పక్కకు తప్పుకునేదాకా కాచుకోవాలి. ఒంటె లేచేటప్పుడు ముందు వెనక కాళ్లెత్తుతుంది. ఆ సంగతి తెలియని రెంటచింతలాయన దాని మెడమీదికి సాష్టాంగపడ్డాడు. ముందు కాళ్లు లేచేసరికి ఆకాశాన్ని చూశాడు. నల్ల కళ్లద్దాలు ఇసుకలో దొరికాయి.

పొద్దు గుంకాక అసలు కథ. పగలు 24 డిగ్రీలుండే జైసల్మేర్ జనవరి రాత్రి 10కి దిగువన ఉంటుంది; కొన్ని రాత్రులు సున్నా దాకా జారుతుంది. మాంగణియార్ గాయకులు కమాయిచా వాయిస్తుంటే రెంటచింతలాయన పళ్లు తాళం వేశాయి. తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. రెండు చొక్కాలు ఒకదానిమీద ఒకటి తొడిగాడు. చివరికి నెగడుకు ఎంత దగ్గరగా జరిగాడంటే, పాట ఆపి మరీ గాయకుడు వెనక్కి రమ్మన్నాడు.

గుడారంలో రగ్గు లోపలినుంచి ఆదిలాబాదాయన పాఠం చెప్పాడు: "ఇసుక పగలు ఎంత జల్దీ వేడెక్కుతదో రాత్రి అంత జల్దీ చల్లారుతది. గాలిలో తేమ, పైన మబ్బు ఉంటే ఆ వేడిని కొంత ఆపేవి. ఈడ రెండూ లేవు."

"సైన్సు తర్వాత చెబుదువుగాని, ఆ రగ్గు కొస ఇటు లాగరా."

మర్నాడు సరిహద్దు దగ్గరి తనోత్ మాత గుడికి వెళ్లారు. 1965 యుద్ధంలో గుడి చుట్టూ పడి పేలని గుండ్లను అక్కడ ప్రదర్శనకు పెట్టారు. గుడి బాగోగులు బీఎస్ఎఫ్ చూసుకుంటుంది. మొక్కుకున్నవాళ్లు జేబురుమాళ్లు కట్టడం అక్కడి ఆనవాయితీ. రెంటచింతలాయన సామానుకు ఇన్నాళ్లకు పని పడింది. ఏం మొక్కుకున్నాడో చెప్పలేదు గానీ, తిరుగుదారిలో జైసల్మేర్ బజారులో ఉన్ని శాలువా దుకాణం ముందు కారు తనంతట తానే ఆగింది.

థార్ చూడాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వేసవిలో అక్కడ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. తనోత్ దాకా వెళ్లేవాళ్లు జైసల్మేర్‌లోనే పెట్రోలు నింపుకోండి, గుర్తింపు కార్డు జేబులో ఉంచుకోండి. ఉన్ని బట్టలు మాత్రం ఎవరివి వారే తెచ్చుకోండి.