మిలట్రీ బాబాయి ట్యాంకులు

ఊరికో రామాలయం ఉన్నట్టే ఊరికో మిలట్రీ బాబాయి ఉంటాడు. మా ఘంటసాలలోనూ ఉన్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి ఆయన దగ్గు వినిపిస్తే వీధిలో పాలు పితికేవాళ్ళు లేస్తారు. రంగు వెలిసిన ఆకుపచ్చ స్వెట్టరు, అంచులు సమంగా కత్తిరించిన మీసం, దుమ్ములో నడిచినా తళతళలాడే బూట్లు. కుక్కతోనూ గేదెతోనూ మనవడితోనూ హిందీలోనే మాట్లాడతాడు. కుక్క ఒక్కటే మాట వింటుంది.

ఈ జాతి వాళ్ళని ఎక్కడున్నా ఇట్టే పోల్చుకోవచ్చు. మంచం కింద నల్ల ట్రంకుపెట్టె ఉంటుంది, దాని మీద తెల్ల రంగుతో నంబరూ ర్యాంకూ పేరూ. ఇంట్లో కుక్కరు దగ్గర్నుంచి తలనూనె దాకా అన్నీ క్యాంటీన్ సరుకే. రమ్ము కోటా తెచ్చిన రోజు సాయంత్రం ఆయనకి ఎంతమంది మేనల్లుళ్ళో చూస్తే పిన్నికే లెక్క తప్పుతుంది. బాబాయి నాయక్‌గా రిటైరై 1985లో ఊరొచ్చాడు. సైన్యం పదిహేడేళ్ళలో నాయక్ దాకా తీసుకొస్తే, ఊరు రెండేళ్ళలో సుబేదారుని చేసింది. ఇప్పుడు టీ కొట్టు దగ్గర ‘మేజరు గారు’ అంటున్నారు. కోటా ఇలాగే సాగితే కల్నల్ కావడానికి అట్టే కాలం పట్టదు.

మా ఊరి దిబ్బ తవ్వితే బౌద్ధ స్తూపం బయటపడింది. రోమను నాణేలు దొరికాయి. రెండో శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు పండితుడు మా రేవు పేరు తన భూగోళ గ్రంథంలో రాసుకున్నాడు. అదంతా మ్యూజియంలో అద్దాల వెనక చల్లగా కూచుంది. బాబాయిని మాత్రం ఎక్కడ తవ్వినా ట్యాంకే బయటపడుతుంది. ట్రాక్టరు చేలో దిగబడిందనండి, ఉల్లిపాయ ధర పెరిగిందనండి, అల్లుడు అలిగాడనండి. ‘సెవెంటీవన్‌లో ఏం జరిగిందంటే’ అని మొదలవుతుంది. బుద్ధుడు శాంతి చెప్పిన ఊళ్ళో రోజుకి రెండుపూటలా యుద్ధం.

బాబాయి మద్రాసు సాపర్స్‌లో లారీ డ్రైవరు. 1968లో బెంగళూరు వెళ్ళి చేరాడు. అలసూరు చెరువు పక్క శిక్షణ కేంద్రంలో తెలుగువాడికి మొదట పట్టుబడింది తుపాకీ కాదు, అరవం. ఆ దళంలో జవానుని ‘తంబి’ అంటారు. తెలుగు తంబి, కన్నడ తంబి, మలయాళ తంబి, అందరూ తంబులే. 1971 డిసెంబరులో వాళ్ళని పడమటి సరిహద్దుకి, షకర్‌గఢ్ వైపు పంపారు. అక్కడ బసంతర్ ఏరు. ఏటికి అటూ ఇటూ శత్రువు పాతిన మందుపాతరలు. వాటిని తీసి ట్యాంకులకి దారి చేయడం సాపర్ల పని. సామాను అందించడం శక్తిమాన్ లారీ పని. శక్తిమాన్ లారీ తోలడం బాబాయి పని.

కథలో ఇంతవరకూ పెద్దగా పేచీ లేదు. పేచీ అంతా బాబాయి లారీకి ఎదురైన పాకిస్తాన్ ట్యాంకుల లెక్కలో. ఊరొచ్చిన కొత్తలో ఒకటే ట్యాంకు, అదీ దూరంగా. కార్గిల్ యుద్ధం టీవీలో చూపించిన 1999లో మూడయ్యాయి. ‘ఒకే ర్యాంకు, ఒకే పెన్షను’ ప్రకటించిన 2015 నాటికి ఏడు. పెన్షను పెరిగినప్పుడు ట్యాంకులు పెరగవూ?

ఒకసారైతే ఢాకాలో పాకిస్తాన్ సేనాని నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెడుతుంటే తాను అక్కడే నిలబడి ఉన్నానన్నట్టు మాట్లాడాడు. తొంభై మూడు వేలమంది బందీలనీ తానే లెక్కపెట్టి అప్పగించినంత ధీమా. ఇంజినీరింగు చదివే కుర్రాడొకడు ఆయన ఛాతీ మీది పతకం పరీక్షగా చూసి, ‘తాతా, ఇది పశ్చిమీ స్టారు గదా? తూర్పున పోరాడినవాళ్ళకిచ్చింది పూర్వీ స్టారంట. దేశానికి ఆ కొసన ఢాకా, ఈ కొసన నువ్వు. ఎట్టా వెళ్ళావు?’ అన్నాడు. బాబాయి ఒక్క క్షణం తడబడలేదు. ‘లారీలో’ అన్నాడు.

ఇన్ని లెక్కలు మార్చే మనిషి ఒక్క లెక్క మాత్రం మార్చడు. డిసెంబరు 15 రాత్రి పాతరలు తీసే పని ఇంకా పూర్తి కాకుండానే పూనా హార్స్ ట్యాంకులు తెగించి దాటుకుపోయాయి. మర్నాడు, అవతల ఢాకాలో సంతకాలు జరిగిన రోజే, అరుణ్ ఖేత్రపాల్ అనే సెకండ్ లెఫ్టినెంటు ‘ఫామగుస్టా’ అనే తన ట్యాంకులోనే చనిపోయాడు. పరమవీర చక్ర ఇచ్చారు. ‘ఇరవయ్యొక్క ఏళ్ళురా’ అంటాడు బాబాయి. అప్పుడూ ఇరవయ్యొకటే, ఇప్పుడూ ఇరవయ్యొకటే. అప్పుడు నువ్వెక్కడున్నావు బాబాయ్ అని అడిగితే, ‘దూరంగానే ఉన్నాలే’ అని కండువా దులుపుకుని లేస్తాడు.

డిసెంబరు 16 ఆయనకి పండగే. మాకేమో సరిగ్గా అప్పుడే వరికోతలు, మినుములు చల్లడం. చొక్కాకి పతకాలు పెట్టుకుని సెంటర్లోకొస్తే వినే నాథుడుండడు. ఆ బాధ కూడా పిన్నే పడాలి. ‘యుద్ధం పదమూడు రోజులే జరిగిందంట. నేను కాపురానికొచ్చింది డెబ్భై మూడులో. అప్పట్నుంచీ అవుతానే ఉంది’ అంటుంది.

అసలు సంగతి బాబాయి జతగాడిది. ఆ తంబిది నాగాయలంక వైపు. ఒకే లారీ, ఒకే గుడారం. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమని ఊడ్చేసినప్పుడు తంబి ఇల్లు పోయింది. బాబాయి రాసిన ఉత్తరాలు వెనక్కొచ్చాయి. సెలవు మీద ఇంటికొచ్చి ఉంటాడు, పోయుంటాడు అనుకున్నాడు బాబాయి. నిజానికి ఆ నవంబరులో తంబి ఎక్కడో ఉత్తరాదిన డ్యూటీలో ఉన్నాడు. మిగిలిన కుటుంబం బంధువుల ఊరికి చేరింది. చిరునామా మారింది, అంతే.

పది పన్నెండేళ్ళ కిందట ఓ నవంబరులో బాబాయి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకుకి వెళ్ళాడు. తాను బతికే ఉన్నానని అప్పట్లో ఏటా గుమాస్తా ముందు నిరూపించుకోవాలి గదా. క్యూలో ముందున్న బట్టతలాయన సంతకానికి పెన్ను లేక వెనక్కి తిరిగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ‘డేయ్ తంబీ!’ ఆ తర్వాత అరగంట అరవమే. అరవవాళ్ళు పాపం పెన్షను కోసం ఇంతదూరం వచ్చారనుకుంది క్యూ.

తంబి మొదటిసారి ఘంటసాల వచ్చిన రోజు ఊరి కుర్రకారంతా అరుగు మీద చేరాం. భోజనాల పిలుపు కోసం కాదు, ట్యాంకుల ఆడిట్ కోసం. బాబాయి చెంబు కోసం లోపలికి వెళ్ళిన అదును చూసి అడిగాం: ‘నిజం చెప్పండి, లారీకి ఎదురొచ్చినవి ఎన్ని?’ తంబి గుమ్మంవైపు చూశాడు, మా వైపు చూశాడు, మీసం దువ్వుకున్నాడు. ‘ఎనిమిదో తొమ్మిదో. పొగలో సరిగ్గా ఆనలేదు’ అన్నాడు. లోపల్నుంచి విన్న బాబాయి ఏమీ అనలేదు. ఆ పూట తంబి గ్లాసులో మాత్రం రమ్ము ఓ వేలు ఎక్కువ పోశాడు.

ట్యాంకుల దగ్గర అంత ఐకమత్యంగా ఉన్నవాళ్ళు మగ్గు దగ్గర విడిపోయారు. చలికి వేళ్ళు కొంకర్లుపోతున్న ఆ యుద్ధపు డిసెంబరులో బాబాయి ఎనామిల్ మగ్గు ఒకటి పోయింది. తంబి టీకి తీసుకెళ్ళి పారేశాడంటాడు బాబాయి. బాబాయే లారీ బానెట్ మీద పెట్టి మర్చిపోయి బండి తోలాడంటాడు తంబి. నీలం అంచు అని ఒకరు, తెల్ల అంచు అని ఇంకొకరు. మధ్యాహ్నం మొదలైన పేచీ అవనిగడ్డ ఆఖరు బస్సు వేళకీ తెగలేదు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి తంబి, ‘బానెట్ మీదేరా!’ అని అరిచాడు. తొంభై మూడు వేలమంది లొంగారు గానీ వీళ్ళిద్దరిలో ఒక్కడు లొంగితే ఒట్టు.

ఇప్పుడు బతికున్నట్టు రుజువు ఫోన్లోనే ఇవ్వొచ్చు. మొహం చూపిస్తే చాలు. మనవడు చెప్పి చూశాడు. బాబాయి వినలేదు. ‘నేను బతికున్నానని ఫోను చెబుతుంది సరే. తంబి బతికున్నాడని నాకెవడు చెబుతాడ్రా?’

అందుకే ప్రతి నవంబరులో మొదటి వారం ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలేసుకుని బ్యాంకుకొస్తారు. అప్పుడు మీకు అక్కడేమైనా పనుంటే వాళ్ళ వెనక మాత్రం నిలబడకండి. మగ్గు తేలేదాకా క్యూ కదలదు.