కన్నుకొట్టిన లైటు

తెనాలిలో నా ఫోటో స్టూడియోకి ఇరవై రెండేళ్లు. బటన్ నొక్కితే ఫ్లాష్ లైటు వెలగకపోవడం చాలాసార్లు చూశాను. నొక్కకుండా వెలగడం మాత్రం పోయిన నెలలోనే చూశాను.

సాయంత్రం అయిదు దాటితే మొదలు. కుర్చీ ఖాళీ, కెమెరా బీరువాలో. కుడిపక్క ఫ్లాష్ ఉన్నట్టుండి టప్పుమని మెరుస్తుంది, కుయ్‌మంటూ మళ్లీ చార్జవుతుంది, ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. పది నిమిషాలకి ఇంకోసారి. ఎడమపక్కది మాత్రం బుద్ధిమంతురాలు.

ముందు ఫ్యూజు మార్చాను. తర్వాత సింక్ కార్డు. ఆనక స్టెబిలైజర్ కొన్నాను. చివరికి ఫ్లాష్ ట్యూబే కొత్తది వేశాను. నాలుగు వేలు వదిలాయి గానీ మెరుపు వదల్లేదు. మా ఆవిడ స్టాండుకి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టింది. ఆ మర్నాడు ఒక్కసారి కూడా వెలగలేదు. అది మంగళవారం. బుధవారం మళ్లీ మామూలే. పై మంగళవారం మళ్లీ చప్పుడు లేదు.

"ఆంజనేయస్వామి వారం కదండీ, అది ఈ గడప తొక్కదు" అని తేల్చేసింది.

విజయవాడ గవర్నర్‌పేటలో పాత మెకానిక్ ఒకాయన ఉన్నాడు. బాబాయ్ అంటాం. ఫోన్ చేస్తే, "ఇంకేం మార్చకు. రోజుకెన్నిసార్లు వెలుగుతోందో రాసిపెట్టు, శుక్రవారం వస్తాను" అన్నాడు. బిల్లుబుక్కు కాగితాల వెనక మెరుపుకో గీత గీస్తూ కూర్చున్నాను.

శుక్రవారం వచ్చాడు. లైటు ప్లగ్గు పీకాడు. నేను మూత విప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కరెంటు తీసేస్తే చచ్చిందనుకోకు. దీని పొట్టలో ఇంకా మూడొందల వోల్టుల పైనే ఉంటుంది."

తనే జాగ్రత్తగా విప్పి, సంచిలోంచి వంద వాట్ల బల్బులు రెండు వరసగా కలిపిన వైరు తీసి, కెపాసిటర్ కాళ్లకి ఆనించాడు. గోడలో ప్లగ్గు లేదు, అయినా బల్బులు భగ్గుమన్నాయి. తెలుపు పసుపైంది, పసుపు ఎరుపైంది, ఫిలమెంటు నిప్పుకణికలా మినుకుమని ఆరిపోయింది. మీటరు పెట్టి సున్నా చూశాకే లోపల వేలు పెట్టాడు. కెపాసిటర్ తల ఉబ్బలేదు. ట్రిగ్గర్ కాయిల్ మాడలేదు. నేను తీసి పక్కన పెట్టిన పాత ట్యూబుని వెలుగుకెత్తి చూశాడు. కొసలు కూడా నల్లబడలేదు.

"నిక్షేపంలాంటి ట్యూబు పీకావు" అని మూత బిగించి, లైటు వీపు మీదున్న చిన్న గాజు కన్నుని గోటితో తట్టాడు. "ఇదేంటి?"

"స్లేవ్. ఎడమ లైటు మెరిస్తే చూసి ఇదీ మెరుస్తుంది. ఇరవై ఏళ్ల నుంచి వాడుతున్నాను బాబాయ్! కానీ ఎడమది మెరవడం లేదే."

"ఎడమదాన్నే చూడాలని దానికేమైనా ఒట్టుందా? ఎండకీ ట్యూబ్‌లైటుకీ పలకదు, తటాలున లేచిన వెలుగుకే పలుకుతుంది. వీధివైపు ఈ నిలువెత్తు గాజు అద్దం ఎప్పుడు పెట్టించావు?"

"దసరాకి. బేరాలు పెరుగుతాయని."

"పడమటెండ అద్దంలోంచి కొడుతున్నంతసేపూ దీనికి అవతలి మెరుపు ఆనదు. ఎండ దిగితే ఆనుతుంది. ఎదురు షాపుకి సెలవెప్పుడు?"

నా నోరు ఎండిపోయింది. "మంగళవారం."

ఎదురుది కూడా స్టూడియోనే. ఆరేళ్లు నా దగ్గర లైట్లు మోసిన కుర్రాడిది. జీతం వెయ్యి పెంచమంటే, "వెలుగు గురించి ఓనమాలు రావు, నీకు వెయ్యి కావాలా?" అన్నాను. మానేసి సరిగ్గా ఎదురుగా పెట్టాడు. ఆ కోపంతో నేను అటు చూడటమే మానేశాను.

బాబాయ్ బిల్లుబుక్కు అందుకున్నాడు. బుధవారం కాగితం వెనక ముప్పై ఒక్క గీతలు. తిప్పాడు. ముందువైపు నా బిల్లులు మూడు. గురువారం వెనక ఇరవై ఆరు. ముందువైపు తెల్లగా ఉంది. ఏమీ అనకుండా బుక్కు మూసి, లైటు ప్లగ్గు పెట్టి, "ఒకసారి చూసొస్తా" అని రోడ్డు దాటాడు.

రెండు నిమిషాలకి నా లైటు టప్పుమంది. ఇంకోసారి టప్పుమంది.

తిరిగొచ్చి స్లేవ్ బటన్ నొక్కి ఆపాడు. "రిపేరేం లేదు, డబ్బులొద్దు."

"వాడేమన్నాడు బాబాయ్?"

"వాడి లైటూ ఇంతేనట. నువ్వు ఫోటో తీసినప్పుడల్లా అక్కడ మెరుస్తుందట. మొదటిరోజే కనిపెట్టాడట. మరి బటన్ ఆపలేదేరా అన్నాను."

"ఏమన్నాడు?"

"అది మెరిస్తే మా గురువుగారికి బేరం తగిలిందని తెలుస్తుంది, ఉండనీండి అన్నాడు." బాబాయ్ సంచి భుజాన వేసుకున్నాడు. "నిన్న పొద్దుపోయేదాకా చూశాడట, ఒక్కసారి కూడా మెరవలేదట. గురువుగారికి ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు."