పులికి నెంబరు

మొన్న గద్వాల నుంచి మా మనుమడు వచ్చిండు. కాళ్లు కడుక్కోకముందే, "తాతా, ఫరహాబాద్ సఫారీకి పోదాం, పులిని సూద్దాం" అన్నడు. పులిని సూడనీకి టికెట్ కొనాల్నా? మా రోజుల్లో అది ఎదురుపడొద్దని మైసమ్మకు మొక్కేటోళ్లం.

మాది మన్ననూరు దిక్కు పల్లె. తెల్లారంగనే మా నాయన బండిబాట దుమ్ముల అడుగులు సూసేటోడు. గోరు పడితే తోడేలో, దుమ్ములగొండో. గోరు పడకుంటే పులి జాతి. అడుగు మీద అరచెయ్యి ఆనించి, చెయ్యి నిండితే పెద్దపులి, చిన్నగుంటే చిరుత అనేటోడు. అంచు మట్టి రాలకుండ నిలబడి ఉంటే ఇప్పుడిప్పుడే పోయిందన్నట్టు. ఆ దినం గొడ్లు దొడ్డి దాటకపోతుండె. కణుజు ఒక్క కూత పెట్టినా నాయన చెవి అటే తిరిగేది.

తర్వాత అడుగులు కనబడుడు తగ్గింది. పులి చంపిన గొడ్డుకు పురుగుమందు పూసేటోళ్లు. ఆ పాపంల మా ఊరికీ పాలుంది, దాచుడెందుకు? 2006ల దేశమంత లెక్కపెడితే 1,411 అన్నరు. ఇగ అయిపోయిందనుకున్న. 2022కి 3,682 అయినయట. 2015ల మా అమ్రాబాద్‌ను వేరే టైగర్ రిజర్వు చేసిండ్రు. దుప్పులు, కణుజులు, నీళ్లు ఉంటే పులి దానంతటదే పిల్లల పెట్టుకుంటది. మహారాష్ట్ర నుంచి ఏర్లు దాటి ఆదిలాబాద్ అడవికి దిగే పులులకు తోవ ఎవడు సూపిండు?

పులి తిరిగొచ్చింది గని, దాంతోటి బతుకుడు తెలిసినోళ్లేరి? పెంటల చెంచు ముసలోళ్లు కొందరున్నరు, అంతే. రాత్రి 9 నుంచి పొద్దుగాల 6 దాక శ్రీశైలం తోవ బంద్ పెడితే, చెక్‌పోస్టు కాడ జనం శాపనార్థాలు పెడుతరు. ఎడ్ల బండ్లు తోలిన దినాలల్ల మేం ఎవరూ చెప్పకుండనే పొద్దుగూకంగ ఆగేటోళ్లం.

మనుమడు ఫోన్ల కెమెరాకు చిక్కిన పులి బొమ్మ సూపిండు. చారలు ఒకదానివి ఇంకొకదానికి ఉండవంట, అవి సూసి నెంబరిస్తరంట. "ఇది ఆడదా, మగదా? ఎటు పోతుంది?" అని అడిగిన. సిగ్నల్ లేదు తాతా అన్నడు.

తెల్లారి బాట మీదికి తీస్కపోయిన. నా అదృష్టం, అడుగు పడి ఉంది. అరచెయ్యి నిండేటంత. వంగి సూపిస్తున్న. వాడు ఫొటో కోసం ఫోన్ పట్టుకొని ముందుకొచ్చి, సరిగ్గ దానిమీదనే బూటు పెట్టిండు.