కృప మనకు, సత్యం ఎదుటివారికి: వాడుక విధానం

కృపనూ సత్యాన్నీ యోహాను సువార్త మొదటి అధ్యాయంలోనే జంట చేసి చెప్పింది. రెండూ ఒకే మనిషిలో, ఒకే సమయంలో, నిండుగా ఉండాలన్నది అక్కడి ఉద్దేశం. నిత్యజీవితంలో ఇది బాగా ఖర్చయ్యే వ్యవహారం. అందుకని రామాయపట్నం నుంచి కృష్ణపట్నం దాకా నెల్లూరు తీరంలో ఒక చౌక పద్ధతి వాడుకలో ఉంది. రెండింటినీ విడదీసి, కృపను తమకు ఉంచుకుని, సత్యాన్ని ఎదుటివారికి పంచిపెట్టడమే ఆ పద్ధతి. కొత్తగా బాప్తిస్మం పొందినవారికీ, ఎప్పుడో పొంది మరిచినవారికీ ఇది ఒక్కలాగే పనికొస్తుంది.

సత్యం పంచడానికి అనువైన చోటు శుక్రవారం ఉపవాస కూడిక. ఒకరి తప్పు తెలిస్తే ముందుగా ఆ మనిషి దగ్గరికే ఒంటరిగా వెళ్లి మాట్లాడాలని మత్తయి 18వ అధ్యాయం చెబుతుంది. అలా వెళితే ఆ మనిషి జవాబు చెప్పే ప్రమాదం ఉంది. ఒక్కోసారి ఆ జవాబు సబబుగా కూడా ఉండి, నలుగురికీ చేరాల్సిన విషయం గుమ్మంలోనే తేలిపోతుంది. ప్రార్థన మనవికి ఈ బెడద లేదు. "పేరెందుకులే అమ్మగారూ, ట్యాంకు వెనకాల వీధిలో కుట్టుమిషను పెట్టుకుని ఉండాదే, ఆ బిడ్డ కోసరం ప్రార్థన చెయ్యండి. పెద్దమ్మాయి ఇషయంలో శానా ఇబ్బంది పడతా ఉండాది" అంటే పేరు చెప్పని మర్యాద దక్కుతుంది, ఊరికి సంగతీ తెలుస్తుంది. గొంతు కాస్త తగ్గించాలి. చివర "స్తోత్రం" అని తీరాలి. అది మరిస్తే వినేవాళ్లు చాడీ అనుకోవచ్చు. కళ్లు మూసుకోవడం పద్ధతే గానీ, ఎవరు ఎవరివైపు చూశారో తెలియాలి గనక ఒక కన్ను సగం తెరిచి ఉంచుకోవడం చెయ్యి తిరిగినవాళ్ల అలవాటు.

వ్యాపారంలో కృప పాలు ఎక్కువ. రొయ్యల గుంట గట్టు మీద తెల్లవారుజామున పట్టుబడి జరిగేటప్పుడు కిలో రొయ్యలు తూచి, ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. యాభై ఉంటే 50 కౌంటు. లెక్క పెరిగే కొద్దీ రొయ్య చిన్నదని అర్థం, ధర దిగుతుంది. కొనేవాడు సంఘ పెద్ద అయితే, తల తెగిన రొయ్యను ఒకటిగానూ దాని తలను ఇంకొకటిగానూ లెక్కించడం, నీటి బరువు పేరు చెప్పి తరుగు తీయడం పూర్తిగా కృపకు సంబంధించిన విషయాలు. అవి ఆయనకీ దేవుడికీ మధ్య ఉంటాయి, మధ్యలో రైతు తలదూర్చకూడదు. అదే రైతు మేత బాకీ రెండు వారాలు జాప్యం చేశాడంటే అప్పుడు సత్యం బయటికి తీయాలి. "మీరు కూడా విశ్వాసే గదా బ్రదర్, ఇట్టా చేస్తే సాక్ష్యం ఏం గావాల?" అని నలుగురిలో అడగాలి.

సముద్రం మీద బతికేవారితో లెక్క కొంచెం వేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటకు నిషేధం. ఆ రోజుల్లో మత్స్యకార కుటుంబానికి అప్పివ్వడం కృప. జూన్ 15న పడవ ఇంకా సముద్రంలో ఉండగానే ఒడ్డు మీద నిలబడి వడ్డీ లెక్క చెప్పడం సత్యం. ఈ రెండూ ఒకే మనిషిలో నిండుగా కనిపించే సందర్భం బహుశా ఇదొక్కటే.

ఇంటి విషయం పొడుగ్గా చెప్పనక్కర్లేదు. గుడిలో కృప, గడప దాటి లోపలికి రాగానే సత్యం. పిల్లలకు మార్కుల గురించి, భార్యకు పులుసులో ఉప్పు గురించి, ముసలి తల్లికి ఆమె మందుల ఖర్చు గురించి.

ఈ పద్ధతికి అడ్డు తగిలే ఉదాహరణ ఒకటి ఈ తీరంలోనే ఉండటం నేర్చుకునేవారి దురదృష్టం. 1876–78 కరువులో, ఒంగోలు అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉన్న రోజుల్లో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఇండియాకు రాకముందు సర్వే పని చేసినవాడు కాబట్టి గొలుసు, కొలత ఆయనకు కొత్త కాదు. ఆకలికి చిక్కిన జనం, అందులో ఎక్కువమంది మాదిగలు, మట్టి తట్టలెత్తి కూలి తీసుకున్నారు. బోధకులే మేస్త్రీలు. పని మధ్యలో అలుపు తీర్చుకునేటప్పుడు వాక్యం చెప్పేవాళ్లూ వాళ్లే. చాలామంది బాప్తిస్మం అడిగారు. అనుభవం ఉన్న ఏ సంఘమైనా అప్పుడు చేయాల్సింది తెలిసిందే: వెంటనే ఇచ్చి, పుస్తకంలో రాసుకుని, విదేశాలకు నివేదిక పంపడం.

క్లౌ ఇవ్వలేదు. పని ఇచ్చాడు, సాయం సొమ్ము పంచాడు, బాప్తిస్మం మాత్రం ఏడాదికి పైగా ఆపేశాడు. అన్నం కోసం వచ్చినవాడెవడో, దేవుడి కోసం వచ్చినవాడెవడో తేలాలన్నది ఆయన పట్టు. కూలికి విశ్వాసం షరతు కాలేదు, సంఘం లెక్కకు ఆకలి పెట్టుబడి కాలేదు. సాయం ముగిసి, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒక విడతకు ఇద్దరే నీళ్లలో నిలబడి, అలిసినప్పుడు మిగతావారికి చోటిచ్చారు.

ఇలాంటి చరిత్రను జాగ్రత్తగా వాడుకోవాలి. ఉత్సవాల్లో క్లౌ దొర పటానికి దండ వేయాలి. 2,222 అన్న అంకెను మైకులో కనీసం మూడుసార్లు చెప్పాలి. అంతకు ముందు ఆపిన నెలల సంగతి ఎత్తకూడదు. ఎత్తితే క్రిస్మస్ చీరల పంపిణీ ఫొటోల మీద, వాటి కింద రాసే రక్షణ పొందిన ఆత్మల లెక్క మీద పిల్లకాయలు ప్రశ్నలు మొదలుపెడతారు.

అంతకన్నా ఇబ్బందికరమైన సంగతి ఇంకొకటి ఉంది. 1866లో తలకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం పొందాడు. ఒంగోలులో క్లౌ దగ్గరికి పై కులాల వాళ్లు కూడా ఆసక్తితో వస్తుండేవారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామన్నారు. క్లౌ దంపతులు మాదిగలనే చేర్చుకున్నారు. షరతు పెట్టినవాళ్లు వెళ్లిపోయారు. నేటి పద్ధతి ఇంత మొరటుగా ఉండదు, ఎవరూ వెళ్లిపోరు. మాల, మాదిగ, పట్టపు, రెడ్డి విశ్వాసులు ఒకే చాప మీద కూర్చుని, ఒకే పాట పాడి, ఒకే ప్రభువు బల్లలో పాలు పొందుతారు. పెళ్లి సంబంధం దగ్గరే కాస్త నేర్పు కావాలి. "మాకు కులపట్టింపు బొత్తిగా లేదు అయ్యగారూ, రక్షణ పొందిన పిల్లయితే చాలు" అని మొదలుపెట్టి, పిల్ల తండ్రి ఊరు, పేట, తాత పేరు అడిగి, "ప్రార్థన చేశాం గానీ దేవుడు నడిపించలేదు" అని ముగించాలి. కాదన్న నింద దేవుడి మీదికి పోతుంది. ఆయన ఎదురు చెప్పడు.

ఇక మిగిలింది క్షమాపణ. నెల మొదటి ఆదివారం బల్ల ఉంటుంది కాబట్టి ఆ ఉదయమే ఇది అవసరపడుతుంది. ఇంటికి వెళ్లి అడగడం వృథా. అక్కడ మంచం వేసి కూర్చోబెడతారు, కాఫీ ఇస్తారు, మాట జరిగినదాని దాకా పోతుంది. గుడి మెట్ల దగ్గర, చెప్పులు విడిచే రద్దీలో, భుజం మీద చెయ్యి వేసి "నా వల్ల ఏదన్నా నొచ్చుకుని ఉంటే మనసులో పెట్టుకోబాకన్నా" అని లోపలికి నడిచిపోవాలి. "ఏదన్నా" అన్న మాట తప్పనిసరి. పేరు పెట్టి చెబితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది, డబ్బు సంగతైతే తిరిగి ఇవ్వాల్సి కూడా రావచ్చు. నూటికి తొంభై మంది "పర్వాలేదులే బ్రదర్" అంటారు. ఎవరన్నా నిలబెట్టి "దేనికి?" అని అడిగితే దానికి ఈ పద్ధతిలో జవాబు లేదు. లోపల గంట కొట్టేదాకా వంగి చెప్పులు సర్దుకుంటూ ఉండటమే.