ఫీలు సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: ఎంతైనా ట్యూబ్ ఫీల్ రాదు బ్రో.

అవతారిక: గంటకింత అని అద్దె కట్టే ప్రాక్టీసు గదిలో, ఒక ఆదివారం సాయంత్రం, మా బ్యాండు గిటారిస్టు ట్యూబ్ ఆంపుల మోతను అనుకరించే డిజిటల్ మోడలర్ ముందు గొంతుక్కూర్చుని, ఇరవై నిమిషాలు నాబులు తిప్పి, నిట్టూర్చి పలికిన వాక్యమిది. బేస్ గిటారు మెళ్లో వేలాడేసుకుని నిలబడ్డ నేను వ్యాఖ్యాతను. కాళిదాసు కావ్యాలకు 'సంజీవని' వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం అంటారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. ఆయనకు తీరిక లేదేమో. నాకు మా గిటారిస్టు బోలెడంత తీరిక కల్పించాడు.

ట్యూబ్: స్పష్టము.

ఎంతైనా: 'ఎంతైనా కన్నకొడుకు కన్నకొడుకే' అనే చోట వాడే మాట. దీని తర్వాత వాదన నడవదు. మోడలర్లలో 1998లో రాజ్మా గింజ ఆకారంలో ఎర్రటి పాడ్ వచ్చింది. 2006లో యాక్స్ఎఫ్ఎక్స్ వచ్చింది. కెంపర్ అయితే అసలు ఆంప్‌లోకి రకరకాల శబ్దాలు పంపి, అది పలికే తీరునే పట్టుకుంటుంది. 'ఎంతైనా' ముందు వీళ్లంతా పెంపుడు కొడుకులే.

ఫీల్: ఇది తెలుగు మాటే. 'వాడు ఫీలయ్యాడు' అంటే నొచ్చుకున్నాడని. ఆ అర్థంలో గదిలో ఫీలుకు కొదవ లేదు. కర్రలు ఒళ్లో పెట్టుకుని ఫోను చూసుకుంటున్న డ్రమ్మరే సాక్షి. వక్త ఉద్దేశం వేరట. ఆలంకారికులు ధ్వనిని గంట మోగాక మిగిలే అనురణనంతో పోల్చారు. గిటారిస్టుల శాస్త్రంలో అలాంటి గౌరవం 'సాగ్' అనే దానిది. దీన్ని ఇంగ్లీషు మాట అంటారు గానీ, నా మతంలో ఇది మన 'సాగు' ధాతువే. రబ్బరు సాగుతుంది, పాకం సాగుతుంది, మా ప్రాక్టీసు సాగదు. పాత ఆంపుల్లో కరెంటును ఏసీ నుంచి డీసీకి మార్చే పని జీజెడ్34 వంటి ట్యూబుది. తీగను గట్టిగా మీటగానే పవర్ ట్యూబులు ఒక్కసారిగా కరెంటు లాగుతాయి. వోల్టేజీ కాస్త కుంగుతుంది. స్వరం తల వంచి, మళ్లీ నిదానంగా లేస్తుంది. వేలి కింద తీగ సాగినట్టుంటుంది. ఇదీ సాగు.

ఇక్కడ ఒక విశేషం. లండన్ హాన్వెల్‌లో డ్రమ్ముల దుకాణం నడిపిన జిమ్ మార్షల్ మనుషులు 1962 ప్రాంతంలో జేటీఎం45 అనే ట్యూబ్ ఆంప్ తయారుచేశారు. దేన్ని చూసి? అమెరికా ఫెండర్ వారి బాస్‌మన్ ఆంప్‌ను చూసి, దాదాపు సర్క్యూటుకు సర్క్యూటు. అంటే మా వాడు దణ్ణం పెట్టే మూలవిరాట్టు కూడా ఒక నకలే. సరే, అదీ పక్కన పెడదాం. బాస్‌మన్ ఎవరి కోసం చేసింది? పేరులోనే ఉంది. బేస్ వాయించేవాళ్ల కోసం! దాన్ని గిటారిస్టులు ఎత్తుకుపోయి, గొంతు పగిలేదాకా పెంచి, ఆ పగులుకు టోన్ అని పేరు పెట్టారు. ఇన్నేళ్లలో 'నీకు ఫీల్ వస్తోందా' అని బేస్ వాయించేవాణ్ని ఒక్కడు అడిగిన పాపాన పోలేదు. ఇంతకీ నేను దేని మీద వ్యాఖ్యానం రాస్తున్నాను? ఆ, ఫీల్.

పూర్వపక్షం: మోడలర్‌లో ఆలస్యం ఉంటుంది కనుక ఫీల్ చెడుతుంది. కాదు. మిల్లీసెకనులో శబ్దం సుమారు 34 సెంటీమీటర్లు నడుస్తుంది. మూడు మిల్లీసెకన్ల ఆలస్యమంటే ఆంప్‌కు మీటరు దూరం జరిగి నిలబడ్డట్టు. అంత దూరం మా వాడు టీ కోసం రోజూ జరుగుతాడు.

మరి ప్రమాణమేది? స్మృతికి ముందు అనుభవం ఉండాలంటారు తార్కికులు. మా వాడు ట్యూబ్ ఆంప్‌ను విన్నదంతా రికార్డుల్లో, ఇయర్‌ఫోన్లలో. అంటే స్పీకరు గుడ్డకు జానెడు దూరంలో పెట్టిన మైకు విన్నదే అతను విన్నాడు. మోడలర్ ఇస్తున్నదీ అచ్చంగా అదే.

అబద్ధం చెప్పను. బాగా పెంచి పెట్టిన ట్యూబ్ ఆంప్ ముందు నేనొకసారి నిలబడ్డాను. ప్యాంటు కాళ్లు రెపరెపలాడాయి. స్పీకరు తోసిన గాలికి తీగ దానంతటదే మోగుతూ ఉండిపోయింది. మీటినవాడు చెయ్యి తీసేసి నవ్వుతున్నాడు. ఆ ఆనందం చిన్న స్పీకర్లో, పక్కింటివాళ్లు తలుపు కొట్టనంత సౌండులో ఎలా వస్తుంది? ట్యూబ్ ఆంప్ తెచ్చి అంతే మెల్లగా పెట్టినా రాదు. ఈ ముక్క చెబితే మా వాడు వినడు, ఇంకో ప్రీసెట్ కొంటాడు.

రాదు: శ్లేష. కర్త మోడలరా, వక్తా? 'నాకు ఈత రాదు', 'నాకు వంట రాదు' వరుసలో చదివితే వాక్యం చక్కగా అన్వయిస్తుంది. రెండో చరణంలో వచ్చే కార్డు మార్పు అతనికి మూడు వారాలుగా రాదు.

బ్రో: 'అన్నా' అని పాఠాంతరం. ఇది ఆరు గంటలకు, గది యజమాని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డప్పుడు కనిపించే పాఠం. పూర్తి వాక్యం: 'అన్నా, నా వాటా వచ్చేవారం కలిపిస్తా.'